పద్నాలుగు మందికి చల్లగాలి

మే 6
కుర్చీల గోడౌన్, పైగది

త్వరలో చల్లబడబోతున్న అక్కకి,

చెమటలు కక్కుతూ నీ తమ్ముడు రాసేది.

నీ ఉత్తరం అందింది. ఇల్లంతటికీ కలిపి ఒకే ఏసీనా! హాలుకీ, పడగ్గదులకీ, బావ పళ్ళు చేసే గదికీ, అన్నిటికీ ఒకటే మిషనా! చదివి కుర్చీలోంచి పడబోయాను. కుర్చీలు అద్దెకిచ్చేవాణ్ణి కాబట్టి, పడ్డా ఇంకో కుర్చీలోనే పడ్డాను.

బావ కట్టుడు పళ్ళ సెట్టుకి ముందు మైనంతో అచ్చు చేస్తాడని తెలుసు గానీ, ఎండకి ఆ మైనం మెత్తబడి కోరపళ్ళు పక్కకి వాలిపోతాయని తెలియదు. వాలిపోయిన సెట్టు ఎవరి నోటికి వెళ్ళింది? మగవాడా, ఆడమనిషా? నవ్వితే ఎలా ఉంది? అసలు సంగతి వదిలేసి, బావ పడుతున్న బాధంతా రాశావు. బాధ నేను ఊహించుకోగలను. ఆ నవ్వు ఊహించుకోలేకపోతున్నాను.

ఇప్పుడు నా సందేహాలు. తొమ్మిదో క్లాసులో సైన్సు మాస్టారు నన్ను బయట నిలబెట్టిన రోజే ఈ పాఠం చెప్పేసినట్టున్నారు. మిషన్ ఒకటే అయితే, ఏ గదిలోకి ఎంత పోవాలో గాలికి ఎవరు చెప్తారు? ఇంట్లో ఉన్న వేడిని లాగేస్తుందన్నావు, లాగి ఎక్కడ పెడుతుంది? చల్లదనం తయారుచేస్తుందా, వేడిని దొంగిలిస్తుందా? గదులన్నీ గొట్టాలతో కలిపేస్తే, బావ గురక మేనకోడలి గదిలో వినబడదా? పిల్ల పరీక్షలకి చదువుకోవాలి, కాస్త ఆలోచించుకోండి.

ఇవన్నీ ఫోన్లోనే అడిగేవాణ్ణి. నా ఫోన్ ఎత్తనని నువ్వే ఒట్టు పెట్టుకున్నావు. కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు గొంతుతో ఎవరో ఫోన్ చేసి, మీటరు మార్చేదాకా ఇంట్లో బల్బులన్నీ విప్పి ఒళ్ళో పెట్టుకోమంటే, నిజంగానే పెట్టుకుని కూర్చున్నావు. తప్పు ఆ గొంతుదే కానీ నాది కాదు. నీ నోటితో నువ్వే అన్నావుగా, కాగితం మీద నా కోడిగీతలు తప్ప ఇంకేదీ నమ్మనని. అందుకే ఈ గీకుడు.

అన్నట్టు, గోడౌన్ ఓనరు స్థలం అమ్మేశాడు. జూన్ ఆఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. కుర్చీలు అమ్మకానికి పెట్టాను. మీ వెనక చిన్నగదిలో నా మంచం ఉందిగా, దుమ్ము దులిపి ఉంచు. ఈసారి వస్తే రెండ్రోజుల్లో పోయే రకాన్ని కాదు.

బావ మూడో కోరపన్ను,
నీ తమ్ముడు


మే 15

ఒరేయ్ తుంటరీ,

నీ ఉత్తరం మీ బావ భోజనం చేస్తుండగా చదివి వినిపించాను. సెట్టు ఎవరిదో చెప్పమంటే, "వృత్తి రహస్యం" అన్నారు. అన్నాక తనే నవ్వి పొలమారారు.

నీ సందేహాలకి నాకు తెలిసినంత చెప్తాను. మొన్న గొట్టాలాయన వచ్చాడు. అసలు పేరు చెప్పాడు గానీ, మేము అలాగే పిలుచుకుంటున్నాం. టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు. కిటికీలెన్ని, ఏ వైపు తిరిగి ఉన్నాయి, పొయ్యి ఎంతసేపు వెలుగుతుంది, పైన డాబా మీద నీడ ఉందా, అన్నీ అడిగాడు. చివరికి, "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాడు. మనుషులతో ఏం పని అన్నాను. ఊరికే కూర్చున్నా సరే, ప్రతి మనిషీ వెలుగుతున్న పెద్ద బల్బంత వేడి విడుస్తూనే ఉంటాడట. మనం ఎవరమైనా ఆయన లెక్కలో ఓ చిన్న పొయ్యిలే. మీ బావ చాలాసేపు నావైపు అనుమానంగా చూశారు.

ఆ లెక్కని బట్టే మిషన్ సైజు. మనకి సరిపోయే మిషన్ బాత్రూమ్ పైన, అటక మీద పట్టేస్తుంది. అక్కడి నుంచి రేకు గొట్టాలు గదిగదికీ వెళ్తాయి. కప్పుకి కింద ఇంకో కప్పు కట్టి వాటిని దాచేస్తారు. ఒక్కో గదికీ ఒక్కో గాలి మూతి. వేడి ఎక్కడికి పోతుందో నేనూ అడిగాను. డాబా మీద ఇంకో పెట్టె పెడతారు, అది వీధిలోకి ఊదేస్తుందట. అంటే మనం చల్లబడిన మేరకి వీధి వేడెక్కుతుందన్నమాట. ఆ రాత్రి నాకు అదోలా అనిపించింది.

ఖర్చు వింటే నువ్వు నాలుగో కుర్చీలో కూడా ఆగవు. మీ బావ కారు కొనుక్కుందామని దాచినదంతా అటక మీదకి ఎక్కేస్తుంది. "గాలిలో తిరగడం కన్నా గాలి ఇంట్లో తిరగడం మేలు" అన్నారు. రాత్రుళ్ళు లేచి మైనం ముద్దలు ఫ్రిజ్‌లో పాల పక్కన సర్దుకునే మనిషి ఆయన. నేను కాదనలేకపోయాను.

మనుషుల లెక్క దగ్గర మాత్రం మాకిద్దరికీ కుదరలేదు. తేల్చుకుని ఫోన్ చేస్తామని గొట్టాలాయన్ని పంపేశాం. ఆయన ఇచ్చిన కాగితం ఒకటి దీనితో పంపుతున్నాను, మిషన్ బొమ్మా, ఫోన్ నంబరూ అన్నీ ఉన్నాయి. మిగతా సందేహాలు ఆయన్నే అడిగి చంపు, నన్నొదిలెయ్.

గోడౌన్ కథ బాగుంది. పోయినేడు పెళ్ళి చేసుకుంటున్నానంటే నమ్మి నేను కొత్త బట్టలు కొన్నాను. పెళ్ళికూతురేదిరా అంటే కుర్చీ చూపించావు. ఇంక నేను నమ్మను.

నీ అక్క


మే 24

నా పొయ్యి లాంటి అక్కకి,

కోప్పడకు, నీ గొట్టాలాయన లెక్కే.

ఆయనకి ఫోన్ చేశాను. ఎంత మర్యాదస్తుడే! నేను కస్టమరుని కాదని తెలియదు కాబట్టి అన్నిటికీ జవాబు చెప్పాడు. గాలికి ఎవరూ చెప్పక్కర్లేదట. గొట్టం లావుని బట్టి అదే పంచుకుపోతుందట. లోపల చిన్న రేకు తలుపులుంటాయట, అవి తిప్పి ఒక గదికి ఎక్కువ, ఒక గదికి తక్కువ ఇవ్వచ్చట. ఇంక మీ ఇంట్లో అలిగినవాళ్ళకి తలుపు మూసెయ్యచ్చు. ఆలోచించు. గురక సంగతి కూడా అడిగాను. గొట్టాల లోపల మెత్తటి గుడ్డలాంటిది అంటిస్తారట, శబ్దం అందులో ఇంకిపోతుందట. "అయినా గట్టిగా పోట్లాడుకుంటే పక్కగదికి వినబడచ్చు సార్" అన్నాడు. మా అక్కాబావలు మెల్లగానే పోట్లాడుకుంటారని చెప్పాను. కాదు కాదు, ఆ మాట చెప్పలేదు. ఆ ఫోన్లో నేను వేరే మనిషిని.

ఏ మనిషినని అడక్కు. కాస్త గొంతు బిగబట్టి, మాటమాటకీ మధ్య దగ్గుతూ, పళ్ళ గురించి మాట్లాడే మనిషి. ఆ మనిషి గొట్టాలాయనకి ఇంకో ముక్క కూడా చెప్పాడు. అదేమిటో కొత్త కొటేషన్ వచ్చినప్పుడు నీకే తెలుస్తుంది. అప్పుడు బావ మొహం ఎలా ఉందో మర్చిపోకుండా రాయి. రంగుతో సహా రాయి.

వేడిని వీధిలోకి ఊదడం గురించి నీకు అదోలా అనిపించిందన్నావు. నాకూ అదే తిరుగుతోంది బుర్రలో. అందరూ అలా ఊదేస్తే వీధివాళ్ళెక్కడికి ఊదాలి? ఓ పెద్ద ఆఫీసులో కుర్చీలు వేయడానికి వెళ్ళినప్పుడు చూశాను, లోపల అందరూ శాలువాలు కప్పుకుని వణుకుతున్నారు, బయట ఆ పెట్టెల పక్కన నిలబడ్డ వాచ్‌మన్ చొక్కా పిండుకుంటున్నాడు. ఆయన్ని అడిగితే, "లోపలివాళ్ళ వేడి నా నెత్తిన పెట్టారు బాబూ" అన్నాడు. మీ డాబా పెట్టె మూతి కాస్త ఎవరూ లేనివైపు తిప్పించండి.

గోడౌన్ సంగతి నమ్మనన్నావు. సరే. సగం కుర్చీలు అమ్ముడయ్యాయి. గోడౌన్లో మాట్లాడితే తిరిగి వినబడుతోంది. ఇది కూడా నమ్మకు. కానీ మంచం దులుపు.

దగ్గుతూ,
నీ తమ్ముడు


జూన్ 4

ఒరేయ్,

ఈ ఇంట్లో ఏం జరుగుతోందో నాకే అర్థం కావడం లేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

కొత్త కొటేషన్ వచ్చింది. మిషన్ రెండింతలు, ఖర్చు దానికన్నా ఎక్కువ. ఇదేమిటయ్యా అంటే, "సారే కదమ్మా ఫోన్ చేసి ఇంట్లో పద్నాలుగు మందిమని చెప్పారు! మీ ముగ్గురూ కాక పదకొండుమంది అమ్మగారి తరఫువాళ్ళు, అందరూ లావుపాటివాళ్ళే అన్నారు" అన్నాడు.

మీ బావ, తను చెప్పలేదంటారు. నేనే నావాళ్ళనందరినీ పిలిచి, తన పేరు వాడుకున్నానంటారు. నేనేమో, ఆయనే పళ్ళ పని నేర్పడానికి శిష్యుల్ని తెచ్చి పెట్టుకుంటున్నారని అనుమానపడ్డాను. మాటామాటా పెరిగింది. రెండు రోజులుగా ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదు. "అమ్మకి ఉప్పు కావాలట" అని పిల్ల చేత కబురు పెట్టుకుంటున్నాం.

పంతానికి పోయి ఆయన ఆ పెద్ద మిషన్‌కే అడ్వాన్సు ఇచ్చేశారు. పద్నాలుగు మంది వస్తే రానీ, చల్లగా చూసుకుందామన్నారు. అంత మిషన్ అటక మీద పట్టదు. దానికి నేల మీద ఓ గది కావాలి. పళ్ళ గది ఇవ్వలేం, పిల్ల గది ఇవ్వలేం. మిగిలింది వెనక చిన్నగదే. మిషన్ అక్కడ పెడుతున్నాం. నీ మంచం పాత సామాన్లాయన పట్టుకుపోయాడు.

నువ్వేమీ అనుకోవని తెలుసు. ఎప్పుడో వచ్చేవాడివి, వస్తే హాల్లో సోఫా ఉంది. రాత్రి దాని మీద పిల్ల పుస్తకాలుంటాయి, జరుపుకుని పడుకో.

నీ అక్క


జూన్ 12

అక్కకి,

పద్నాలుగు మందని చెప్పింది నేను. బావ గొంతుతో ఫోన్ చేశాను. బావకి ఏమీ తెలియదు, ఆయన్ని ఏమీ అనకు. ఆయన ముందు ఈ ఉత్తరం పెట్టి మాట్లాడుకోండి.

గొట్టాలాయనకి ఈరోజే ఫోన్ చేసి సరిగ్గా చెప్పండి. మీరు ముగ్గురు. అలా చెప్తే చిన్న మిషనే సరిపోతుంది, అడ్వాన్సు దానికి సర్దుబాటు చేస్తాడు. నేను కనుక్కున్నాను.

గది గురించి బాధలేదు. వాడని గది ఎంతకాలమని ఖాళీగా ఉంచుతారు. గోడౌన్ సంగతి మాత్రం నిజమే. నెలాఖరుకి ఖాళీ చేస్తాను. సైకిల్ షాపు మేడ మీద ఒక గదిలో ముగ్గురున్నారు, నాలుగోవాడికి చోటుందన్నారు. పరుపు వేసుకునేంత ఉంది. కుర్చీలన్నీ అమ్మేశాను, ఒకటి ఉంచుకున్నాను.

పిల్ల బాగా చదువుకోవాలి. బావ ఆరోగ్యం చూసుకో.

తమ్ముడు


జూన్ 19

నా తమ్ముడూ,

ముందు ఇది చదువు, తర్వాత తిట్టు.

నీ దగ్గుల ఉత్తరం అందిన మర్నాడే నీ బండారం బయటపడింది. గొట్టాలాయన అనుమానం వచ్చి ఇంటికే వచ్చాడు, "పదకొండుమంది ఎక్కడ పడుకుంటారు సార్?" అంటూ. మీ బావ కళ్ళు తేలేశారు. (రంగు అడిగావుగా, తెలుపు. తర్వాత ఎరుపు.) దగ్గుతూ మాట్లాడారా అని నేనడిగాను. అవునన్నాడు. ఇంకేం, ముగ్గురం కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. గొట్టాలాయన కూడా.

అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. చిన్నప్పట్నుంచీ నువ్వే ఆడిస్తున్నావు, ఒక్కసారి నేనాడిస్తే ఏమవుతుందో చూద్దామని నాలుగో తారీకు ఉత్తరం రాశాను. పోట్లాట అబద్ధం. అడ్వాన్సు అబద్ధం, నువ్వు అడిగితే అవుననమని గొట్టాలాయనకీ చెప్పి ఉంచాను. మంచం పోలేదు.

కానీ ఒరేయ్, అబద్ధం ఆడడం నీకున్నంత అలవాటు నాకు లేదు. ఆ ఉత్తరం పోస్టు చేసే ముందు, మిషన్ నిజంగా చిన్నగదిలో పడుతుందో లేదో, అబద్ధమైనా అతికినట్టుండాలి కదా అని గొట్టాలాయన్నే అడిగాను. ఆయన గది కొలిచి, "ఇది నాకెందుకు తట్టలేదమ్మా!" అన్నాడు. అటక మీదైతే బాత్రూమ్ కప్పు పగలగొట్టాలట, రిపేరు వస్తే చెయ్యి దూరదట. చిన్నగదిలో అయితే అన్నీ తేలికట, ఖర్చు కూడా బాగా తగ్గుతుందట. మీ బావ ఎగిరి గంతేశారు. కారు డబ్బులో కొంచెం మిగులుతుందన్నారు. నేను వద్దన్నాను. "ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడి కోసం గదేమిటి" అన్నారు. ఈ పోట్లాట మాత్రం నిజం. ఉప్పు కబురు దాకా వెళ్ళలేదంతే.

అసలు మొదట్నుంచీ మాకు కుదరని లెక్క కూడా అదే. గొట్టాలాయన ఎంతమందని అడిగితే ఆయన ముగ్గురన్నారు, నేను నలుగురన్నాను.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. మీ బావే విప్పారు. చదివి, వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ చదివారు. "ఇందులో వెటకారం ఎక్కడుందే?" అని నన్నడిగారు. లేదన్నాను. "ఒక్కటి కూడా లేదా? నన్ను కూడా ఏమీ అనలేదా?" అన్నారు. మైనం నలుపుతూ కూర్చున్నారు. తర్వాత లేచి, "వాడు చెప్పింది నిజమే. అన్నీ అమ్మేశాడు. ఏదో మూల పరుపు వేసుకుంటాడు" అని, గొట్టాలాయనకి ఫోన్ చేశారు. అటక మీదే పెట్టమన్నారు. నలుగురమని చెప్పారు. కారు సంగతి నేనడగలేదు, ఆయన చెప్పలేదు. పని మొదలైంది, ఇల్లంతా సున్నం దుమ్ము.

ఇరవై తొమ్మిది, ఆదివారం, వ్యాను మాట్లాడుకుని మేమే నీ దగ్గరికి వస్తున్నాం. నిన్నూ, నీ ట్రంకు పెట్టెనీ, నువ్వు ఉంచుకున్న ఆ ఒక్క కుర్చీనీ ఎక్కించుకుని తీసుకొస్తాం. సైకిల్ షాపు వాళ్ళకి చోటు వద్దని చెప్పెయ్. ఎక్కడికీ వెళ్ళకు.

నీ అక్క


జూన్ 29, ఆదివారం
మీ గుమ్మం ముందు

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏమనుకున్నానో చెప్పేస్తాను. ఇదీ ఆటేననుకున్నాను. ఒక్కసారి ఆడించి రుచి మరిగావు, రెండోసారి ఆడిస్తున్నావు, ఆదివారం నేను పెట్టె సర్దుకుని గోడౌన్ మెట్ల మీద ఎదురుచూస్తూ కూర్చుంటే మీరు ఇక్కడ చల్లగా నవ్వుకుంటారని అనుకున్నాను. నీ చేత్తో రాసిన కాగితాన్ని కూడా నమ్మలేకపోయాను, చూడు. నాలాంటివాడితో కలిసి పెరిగితే నీకూ ఇదే గతి పడుతుంది. పట్టింది కూడా.

అందుకని తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నేనే వచ్చేశాను. మీరు నవ్వుకుంటుండగా తలుపు తట్టి పట్టుకుందామని.

తాళం ఉంది.

చాలాసేపు ఆ తాళం వైపే చూశాను. పట్టుకుని లాగి చూశాను కూడా, వేసినట్టు నటిస్తున్నారేమోనని. నటన కాదు. పక్కింటావిడ బయటికొచ్చి, "మీరే కదా ఆ తమ్ముడుగారు? మీకోసమే వ్యాను తీసుకుని వెళ్ళారు. మీ పరుపు పడిపోకుండా కట్టడానికి మా దగ్గర తాడు కూడా అడిగారు" అంది.

వెంటనే నీకు ఫోన్ చేశాను. నీ ఒట్టు నువ్వు తప్పలేదు, ఎత్తలేదు. బావకి చేశాను. "ఎక్కడున్నావురా, గోడౌన్ తలుపు తియ్యి, మెట్ల మీద మాడిపోతున్నాం" అన్నాడు. మీ గుమ్మం ముందున్నానని చెప్పాను. "నువ్వు మా గుమ్మం ముందుంటే నేను చంద్రుడి మీద ఉన్నాను. లోపలే నక్కావు, నాకు తెలుసు" అని పెట్టేశాడు. పక్కింటావిడ జాలిపడి తన ఫోన్లోంచి చేసింది. "ఆడగొంతు బాగానే పట్టావు గానీ చివర్లో తేలిపోయింది" అన్నాడట. ఆవిడ ఇంకా కోపంగా ఉంది. వచ్చాక క్షమాపణ చెప్పుకోండి, అది నా ఖాతాలో వెయ్యకండి.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, మీరు అక్కడ నా తలుపు తడుతున్నారు, నేను ఇక్కడ మీ తలుపు ముందు కూర్చున్నాను. ఎప్పటికో ఒకప్పటికి మీరే విసిగి వస్తారు. వచ్చాక ఎదురుగా నేనేం మాట్లాడతానో నాకు నమ్మకం లేదు, ఏదో ఒక వెకిలి మాట అనేస్తాను. అందుకని ముందే రాసి పెడుతున్నాను. తలుపు తియ్యగానే నాకన్నా ముందు ఈ కాగితం తీసుకో.

ఊరికే కూర్చోలేని బుద్ధి కదా, మీ గొట్టాల పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని అటూ ఇటూ తిరిగాను. మెట్ల పక్కన, చిన్నగది గోడకి పిడికిలంత కన్నం కొట్టి ఉంది. అటక మీంచి రాగి గొట్టాలు ఈ దారినే డాబా మీదకి వెళ్ళడానికి కాబోలు. ఇంకా గొట్టాలు పెట్టలేదు. పై మెట్టెక్కి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూశాను.

ముందు చీకటే కనబడింది. తర్వాత కిటికీ వెలుగు కుదురుకుంది. మంచం ఉంది. పైన కొత్త కప్పులో పలకలా కోసిన గాలి మూతి ఉంది, ఇంకా రేకు బిగించలేదు. మంచం ఎప్పుడూ ఉండే చోట లేదు. గాలి మూతికి సరిగ్గా కింద పడకుండా గోడవైపు జరిపారు. నిద్రలో మొహం మీద కొట్టకుండా అనుకుంటా. కొలతేసి జరిపింది కాదు, పడుకుని చూసి జరిపింది. ఉతికిన దుప్పటి మీద ఒక మనిషి పొడుగునా నలిగి ఉంది. దిండు దగ్గర చిటికెడు మైనం పొడి.

నువ్వు అంత పొడుగు లేవక్కా.

త్వరగా రండి. ఇక్కడ ఎండగా ఉంది.

తమ్ముడు